కాలివేళ్లు ఇంకా రేవు రాయి మీదే ఉన్నాయమ్మా

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా పుట్టిల్లు గుణుపురం. పెళ్లయి బరంపురం వచ్చి 16 ఏళ్లయింది. నాకిప్పుడు 41. మోకాళ్ల నొప్పులకి ఈత మంచిదని డాక్టరుగారు చెబితే మార్చి నుంచి పొద్దున్నే ఈతకొలనుకి వెళ్తున్నాను. చిన్నప్పుడు వంశధారలో మా అమ్మ తన కొంగు నా నడుముకి చుట్టి, రేవు రాయి మీద నిలబెట్టి ముంచేది. అంతే, ఈత మాత్రం నేర్పలేదు. ఇప్పుడు 25 మీటర్ల కొలనులో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఆగకుండా వెళ్లగలుగుతున్నాను. కానీ మూడో సారికల్లా కుడి అరికాలు పట్టేస్తోంది. బొటనవేలు వంకర తిరిగి పక్కవేలి మీదికి ఎక్కేస్తుంది. పోయిన వారం లోతు వైపు అలాగే జరిగి నీళ్లు తాగేశాను. కోచ్ నురుగు పలక విసిరితే పట్టుకుని బయటపడ్డాను. అత్తగారు నరాల వీక్‌నెస్ అంటున్నారు, తిని నీళ్లలో దిగుతున్నందుకే అని కూడా అంటున్నారు. తమ్ముడు మెగ్నీషియం మాత్రలు తెచ్చి ఇచ్చాడు. కోచ్ అరటిపండు తినమంటున్నాడు. షుగరు లేదు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. కార్తీకంలో పుట్టింటికి వెళ్లి వంశధారలో ఒక్కసారైనా ఈదాలని ఆశ. ఈ కాలితో అవుతుందా? లేక మానేయమంటారా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, మానేయొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు టెన్షన్ లేకుండా చదువుకుంటారు. కాకపోతే ఈ కాలి సంగతి తేలేదాకా లోతు వైపు వెళ్లకండి. నిలబడితే నీళ్లు ఛాతీ దాటని చోటే ఈదండి. కోచ్‌కి ఏమనిపిస్తుందో, పక్కన ఈదే పిల్లలు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

నేను డాక్టరుని కాను. రాయగడ వైపు బడుల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏళ్ల తరబడి నాగావళిలో, వంశధారలో పిల్లలకి ఈత నేర్పాను. కాలు పట్టేసిన పిల్లల్ని లెక్కలేనంత మందిని చూశాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మెగ్నీషియమూ కాదు, అరటిపండూ కాదు. రేవు రాయి. మీరు ఏదో జ్ఞాపకంగా రాసి వదిలేశారు గానీ, మీ జబ్బు పేరు అదే.

ఏటి రేవులో నాచు పట్టిన రాయి మీద నిలబడే పిల్ల ఏం చేస్తుంది? వేళ్లు ముడిచి రాయిని పట్టుకుంటుంది. పట్టు వదిలితే జారిపోతుంది, జారితే అమ్మ అరుస్తుంది. నడుముకి కొంగు ఉన్నా భరోసా అంతా ఆ పది వేళ్లదే. నీళ్లు కనబడగానే మీ వేళ్లు ముడుచుకోవడం అప్పుడే నేర్చుకున్నాయి. ఇప్పుడు కొలనులో పట్టుకోడానికి రాయి లేదు, అయినా అవి ముడుచుకునే ఉంటున్నాయి. పెద్దయ్యాక ఈత మొదలుపెట్టిన మనవైపు ఆడవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది. మగపిల్లల్ని ఏట్లోకి తోసేసి ఈత నేర్పేవారు, ఆడపిల్లల్ని రేవు దాటనిచ్చేవారు కాదు. ఆ లెక్క ఇప్పుడు మీ అరికాలు చెల్లిస్తోంది.

మీ అనుమానం తీరాలంటే చిన్న పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాచి, పాదాన్ని కిందికి వంచి, వేళ్లు గట్టిగా ముడవండి. అలాగే ఉంచి ఇంకా ముడవాలని చూడండి. చాలామందికి కాసేపటికే అరికాలి వంపులో సలుపు మొదలవుతుంది. గట్టు మీద, చొక్కంగా ఊపిరి ఆడుతుండగానే ఇలా ఉంటే, అలసిపోయి, భయపడి, ఊపిరి బిగబట్టి ఈదేటప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇందులో సంగతి ఏమిటంటే, మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో చిన్న చిన్న కండరాలు ఉంటాయి. వేళ్లు ముడిచేవి అవే. పిక్కలోంచి దిగే పొడుగు కండరాలు కూడా వాటికి తోడవుతాయి. ప్రతి కండరంలోనూ రెండు రకాల కాపలాదార్లు ఉంటాయి. ఒకటి కండరం పొడవు చూసి ‘బిగించు’ అనే కబురు వెన్నుపాముకి పంపుతుంది. ఇంకొకటి కండరం ఎముకని పట్టుకునే చోట, ఆ తాడులాంటి భాగంలో ఉండి, లాగుడు ఎక్కువైతే ‘చాలు, వదులు’ అంటుంది. కండరం ముందే కుంచించుకుపోయి ఉంటే ఆ తాడు మీద లాగుడు తక్కువ. కాబట్టి ‘వదులు’ అనే కబురు బలహీనపడుతుంది. అలసట తోడైతే ‘బిగించు’ అనే కబురు ఇంకా జోరందుకుంటుంది. అప్పుడు కండరం బిగుసుకుపోయి మన మాట వినదు. 1997లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ముందుకు తెచ్చిన వాదన ఇది. కండరాలు పట్టేయడానికి కారణం అందరికీ ఒకటే అని తేల్చేసిన శాస్త్రం ఇంకా లేదు గానీ, నేను ఏటి ఒడ్డున చూసినదానికి ఇది అతికినట్టు సరిపోతుంది. పట్టేసిన కండరాన్ని సాగదీస్తే ఎందుకు తగ్గుతుందో కూడా దీంతోనే అర్థమవుతుంది. సాగదీస్తే తాడు మీద లాగుడు పెరుగుతుంది, ‘వదులు’ అనే కబురు మళ్లీ వెళ్తుంది.

ఈతలో పాదం వెనక్కి చాచి ఉంటుంది కాబట్టి పిక్కా అరికాలూ ఎప్పుడూ కుంచించుకునే ఉంటాయి. నడకలోనూ పరుగులోనూ పాదం నేల మీద ఆనిన ప్రతిసారీ అవి సాగుతాయి. నీళ్లలో ఆ సాగుడు లేదు. అందుకే రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషికి కూడా కొలనులో కాలు పట్టేస్తుంది. ‘ఇంత నడుస్తానే, నాకెందుకు?’ అని నన్ను అడిగినవాళ్లు చాలామంది.

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ల మాటలకి వద్దాం. అత్తగారితో గొడవ పెట్టుకోకండి, ‘నరాల వీక్‌నెస్’ అనే మాటలో మనవాళ్లు తలనొప్పి నుంచి తడబాటు దాకా అన్నీ పడేస్తారు. బి-కాంప్లెక్స్ గొట్టాలు మింగి తగ్గించుకునే రకం కాదు ఇది. తిని నీళ్లలో దిగితే కండరాలు పట్టేస్తాయన్నది కూడా పాత మాటే, దానికి గట్టి ఆధారం లేదు. కడుపు నిండా పెసరట్టు ఉప్మా తిని ఈదితే ఆయాసంగా ఉంటుంది, అంతవరకే. ఒక ఇడ్లీయో అరటిపండో తిని వెళ్తే ఏమీ కాదు.

అరటిపండులో పొటాషియం ఉన్న మాట నిజమే. కానీ అది కడుపులోంచి రక్తంలోకి చేరి ఏదైనా చేసేసరికి మీరు స్నానం చేసి ఇంటికి వచ్చేసి ఉంటారు. కోచ్ మాట ఆకలికి పనికొస్తుంది, కాలికి కాదు. మెగ్నీషియం మాత్రల మీద చేసిన పరిశోధనలన్నిటినీ 2020లో ఒకచోట వేసి చూశారు. పెద్దవయసువాళ్లకి వచ్చే కాళ్ల పట్లకి అది పెద్దగా పనిచేయదని తేలింది. వ్యాయామంలో వచ్చే పట్లకైతే సరైన పరీక్షే దొరకలేదు. తమ్ముడు ప్రేమగా తెచ్చాడు కాబట్టి పారేయమనను గానీ, కిడ్నీ తేడా ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. ఇంకో సంగతి: మన మన్యం జ్వరాల కాలపు పెద్దవాళ్లు ఎవరైనా కాళ్ల పట్లకి మలేరియా మందు క్వినైన్ మంచిదని చెబుతారు. వినకండి. రక్తానికీ గుండెకీ ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాన్ని ఈ పనికి వాడొద్దని హెచ్చరించింది.

నీళ్లూ ఉప్పూ తక్కువైతేనే కాళ్లు పట్టేస్తాయన్న మాట మనం ఎంత నమ్ముతామో చెప్పక్కర్లేదు. 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో 210 మంది ఐరన్‌మ్యాన్ పోటీదారులని చూశారు. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే రోజు చేసే మొండివాళ్లు. వాళ్లలో కండరాలు పట్టేసినవాళ్లకీ పట్టనివాళ్లకీ తేడా చూపింది ఒంట్లో నీళ్లు కాదు, ఉప్పు కాదు. తమ అలవాటుకి మించిన వేగంతో వెళ్లినవాళ్లకీ, అంతకుముందు కూడా పట్టేసిన చరిత్ర ఉన్నవాళ్లకీ ఎక్కువ వచ్చింది. మీరు మూడోసారి తిరిగేటప్పుడు కొంచెం తొందరపడుతున్నారేమో చూసుకోండి. పక్క వరుసలో చిన్నపిల్లలు చేపల్లా వెళ్లిపోతుంటే మన చేతులు కూడా వాళ్లతో పోటీ పడతాయి.

అలాగని నీళ్లు తాగొద్దని కాదు. బరంపురం ఉక్కపోతలో కొలనులో కూడా చెమట పడుతుంది, తడిలో తెలియదంతే. వెళ్లేముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక చల్ల. ఇంట్లో తరవాణి ఉంటే ఇంకా మంచిది. మీ పక్కింటి ఒడియావాళ్లు మన చద్దన్నం లాంటి పఖాళ నీళ్లని తొరాణి అంటారు చూశారా, మన తరవాణీ అదీ ఒక్క కుండలోవే. పేరూ చుట్టమే. స్పోర్ట్స్ డ్రింకుకి డబ్బు తగలేయక్కర్లేదు.

పచ్చడి గురించి మీరు అడగలేదు గానీ, సరదా అయిన సంగతి కాబట్టి చెబుతాను. 2010లో అమెరికాలో ఒంట్లో నీరు కొంత తగ్గించిన మనుషుల బొటనవేలు ముడిచే కండరాన్నే, అవును, మీకు పట్టేసే ఆ కండరాన్నే, కరెంటుతో కావాలని పట్టించారు. దోసకాయలు ఊరబెట్టిన వెనిగర్ నీళ్లు కొంచెం తాగించినప్పుడు సగటున 85 సెకన్లలో వదిలింది. మామూలు నీళ్లు తాగినప్పుడు దాదాపు 134 సెకన్లు పట్టింది. అంత తక్కువ సమయంలో ఉప్పు రక్తంలో కలవదు. గొంతుకి ఆ ఘాటైన పులుపు తగలగానే నరాల దారిలో ఏదో కబురు వెళ్లి కండరం వదిలిందని వాళ్ల అంచనా. అంటే ఇదంతా కబుర్ల వ్యవహారం, ఉప్పు కొట్టు వ్యవహారం కాదు. ఆవకాయ ఊట తాగి చూద్దామనుకోకండి, అందులో వెనిగర్ లేదు, కారం ఉంది. పైగా కొలను మధ్యలో సీసా ఎక్కడ పెట్టుకుంటారు?

ఇక అసలు పని. నీళ్లలో ఉండగా పట్టేస్తే ఏం చెయ్యాలి. దీన్ని రెండు మూడుసార్లు చదవండి, తర్వాత ఛాతీ లోతులో కోచ్ పక్కన ఉండగా నటించి చూడండి. కాలు బాగున్న రోజున చెయ్యాలి ఈ నాటకం.

పట్టిన క్షణంలో మొదట చెయ్యాల్సింది కాళ్లు ఆడించడం ఆపేయడం. మన ఒళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తుంది, ఇంకా గట్టిగా తంతుంది. తన్నిన కొద్దీ ముడి బిగుస్తుంది. ఆపి, వెల్లకిలా తిరగండి. చెవులు నీళ్లలో మునగనివ్వండి, తల ఎత్తి చూడాలని ప్రయత్నిస్తే కాళ్లు కిందికి పోతాయి. నిండుగా గాలి పీల్చి కొంచెం ఉంచుకుని వదలండి. ఊపిరితిత్తుల్లో గాలి ఉన్నంతసేపు మనిషి తేలతాడు, అందులో కాలివేళ్లకి ఏ పనీ లేదు. అరచేతులు తుంటి పక్కన తెడ్డులా అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే తల వైపుకి కదులుతారు. అలా గట్టుకో లోతు లేని వైపుకో రావచ్చు. ఒక చెయ్యి ఎత్తి ఊపండి, కోచ్‌ని పిలవండి. ఇంతమందిలో అరవడం నామోషీ అనుకుంటాం చూడండి, ముఖ్యంగా ఆడవాళ్లు అనుకుంటారు, ఆ నామోషీ వల్ల నీళ్లు తాగినవాళ్లని నేను చూశాను. ‘కాలు పట్టేసింది’ అని ఒడియాలోనో తెలుగులోనో కేకేస్తే చాలు.

అన్నట్టు భాష సంగతి. ఒడియాలో కాలుని గోడొ అంటారు కదా. మా బళ్లో ఒక ఒడియా మాస్టారు ‘గోడొ, గోడొ’ అని అరిస్తే, అంటే కాళ్లు ఆడించండ్రా అంటే, మన తెలుగు పిల్లలు వెళ్లి గోడ పట్టుకునేవారు. మీకు 16 ఏళ్లుగా అలవాటే గానీ, భయంలో మనిషికి పుట్టిన భాషే వినబడుతుంది. ‘కాలు పట్టేసింది’ అని మీరంటే మీ కోచ్ ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకోండి. దూకనక్కర్లేదు, పలక విసిరితే చాలు. ఆ రోజు మీ కోచ్ అదే చేశాడు, మంచివాడే.

వెల్లకిలా తేలుతూనే సాగదీయడం మొదలుపెట్టవచ్చు. చేత్తో పట్టుకోవాలని ముందు ఆరాటపడకండి. పాదాన్ని మీ మోకాలి వైపుకి మెల్లగా పైకి లాగండి, వేళ్లు కూడా పైకి. ముంగాలి కండరం పనిచేయడం మొదలుపెడితే వెనక పిక్క కొంత సడలుతుంది. లోతు తక్కువైన చోటుకి రాగానే నిలబడి పాదం నేల మీద పూర్తిగా ఆన్చి, మడమ లేవకుండా బరువు మోపండి. కొలను గోడ దగ్గరైతే రెండు చేతులతో అంచు పట్టుకుని, మడమ కింద, వేళ్లు పైకి ఉండేలా పాదాన్ని గోడకి ఆన్చి మోకాలు నిటారుగా చెయ్యండి. అరికాలికి ఇంతకన్నా మంచి మందు లేదు. బొటనవేలు పక్కవేలి మీద ఎక్కి ఉంటే, గట్టు మీద కూర్చుని చేత్తో దాన్ని తీసి వెనక్కి, పాదం పైభాగం వైపుకి, సాగదీసి పట్టుకోండి. ఇంకో చేతి బొటనవేలితో అరికాలి వంపులో నొక్కి రుద్దండి. ఇరవై ముప్ఫై సెకన్లు. గుంజొద్దు, గుంజితే కండరం చిరిగే అవకాశం ఉంది.

ఈత బాగా వచ్చినవాళ్లు లోతులోనే ముఖం నీళ్లలో పెట్టి, బంతిలా ముడుచుకుని, వేళ్లు పట్టుకుని లాక్కుంటారు. మీకు అది ఇప్పుడే వద్దు.

నొప్పి తగ్గింది కదా అని వెంటనే మళ్లీ అదే వేగంతో మొదలుపెట్టకండి. పట్టిన కండరం కాసేపు అలిగిన పిల్లలా ఉంటుంది, చిన్న సాకు దొరికితే మళ్లీ పట్టేస్తుంది. ఆ రోజుకి రెండోసారి పడితే బయటికి వచ్చేయండి. డబ్బు కట్టాం కదా అని గంట పూర్తి చెయ్యక్కర్లేదు.

నాకు 19 ఏళ్లప్పటి సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. మీ గుణుపురం దగ్గరే, ఆశ్వయుజంలో, నలుగురం పందెం కట్టి వంశధార దాటుతున్నాం. సగం దాటాక ఎడమ పిక్క పట్టేసింది. ఇప్పుడు మీకు చెప్పినవేవీ చెయ్యలేదు. గట్టిగా తన్నాను, తల ఎత్తి అరవబోయాను, నీళ్లు మింగాను, చచ్చిపోతున్నానని తీర్మానించుకున్నాను. కొంచెం దూరంలో వల వేసుకుంటున్న ఒక ముసలాయన నా అవస్థ చూసి, ‘ఏట్రా బాబూ, నిల్చోరాదా!’ అని కేకేశాడు. కాలు దించాను. నీళ్లు నా ఛాతీ దాటలేదు. ఇసుక దిబ్బ మీద మునిగిపోతున్నానన్నమాట. ఒడ్డున మా వాళ్లు ఎంత నవ్వారో! తర్వాత నేను ఎంతమంది పిల్లలకి నేర్పినా మొదటి పాఠం అదే పెట్టాను: కాలు పట్టేస్తే ముందు కాలు దించి చూడు.

మళ్లీ పట్టకుండా చేసే పనికి వద్దాం. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, తుంటి దగ్గర నుంచి కాలు ఆడిస్తూ పాదాన్ని వదులుగా వదిలేయండి. వదులైన చెప్పు కాలి చివరి నుంచి జారి పడిపోతున్నట్టు ఉండాలి. చెప్పుని పట్టుకోకూడదు, జారనివ్వాలి. వేళ్లు విప్పి ఉంటేనే అలా వస్తుంది. పాదం వెనక్కి చాచాలని కోచ్ చెప్పింది నిజమే, కానీ చాచడం వేరు, బిగించడం వేరు. నీళ్ల తాకిడికే పాదం చాచుకుంటుంది, మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. మోకాలు వంచి సైకిలు తొక్కినట్టు తంతున్నారేమో కూడా చూడమనండి, అలా తన్నినవాళ్లకి అరికాలు తొందరగా అలిసిపోతుంది.

రెండు మూడు వారాలపాటు నురుగు పలక చేత్తో పట్టుకుని కాళ్లు మాత్రమే ఆడించే అభ్యాసం పక్కన పెట్టండి. ఆ అభ్యాసంలో భారమంతా మీ కాలి మీదే. దానికి బదులు తొడల మధ్య పెట్టుకునే నురుగు బుర్ర, పుల్ బాయ్ అంటారు, అది అడగండి. దాంతో చేతులతోనే ఈదొచ్చు, కాళ్లకి సెలవు. కాళ్లకి తొడిగే రబ్బరు రెక్కలు, ఫిన్స్ అంటారు, అవి వేసుకోకండి, అవి బిగుతుగా ఉంటే వేళ్లు ఇంకా ముడుచుకుంటాయి. గోడని తన్నుకుని తిరిగేటప్పుడు మీకు పట్టేస్తోందంటే, వేళ్ల కొసలతో తంతున్నారని నా అనుమానం. పాదం ముందు భాగమంతా ఆన్చి, సగం బలంతో నెట్టండి. లేదా కొన్నాళ్లు తన్నకుండా తిరగండి. పందెం ఏమీ లేదుగా.

ప్రతి 25 మీటర్లకీ ఆగి, నిలబడి, వేళ్లు విప్పి ఒకసారి నేల మీద ఆన్చండి. ఈదుతూ ఉండగా బుడగలు వదిలేటప్పుడల్లా మనసులో ‘వేళ్లు?’ అని అడగండి. మొదట్లో ప్రతిసారీ అవి ముడుచుకునే దొరుకుతాయి. కోపం తెచ్చుకోకండి, విప్పి ముందుకి వెళ్లండి. ఒంట్లో ఊపిరి బిగిస్తే వేళ్లూ బిగుస్తాయి, రెంటికీ చుట్టరికం ఉంది. ముఖం నీళ్లలో ఉండగా గాలి ముక్కులోంచి వదులుతూ ఉంటే సగం పని అయినట్టే.

ఇంట్లో పొద్దునా రాత్రీ గోడకి చేతులు ఆన్చి, వెనక కాలి మడమ లేవకుండా పిక్క సాగదీయండి, ఒక్కో కాలికి అర నిమిషం చొప్పున మూడుసార్లు. టీవీ చూస్తూ నీళ్ల సీసా ఒకటి అరికాలి కింద పెట్టి దొర్లించండి. నేల మీద తువ్వాలు పరిచి వేళ్లతో దగ్గరికి లాక్కోవడం కూడా మంచిదే, కానీ ఈతకి వెళ్లేముందు వద్దు. పొద్దున్నే చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకకుండా, అయిదు నిమిషాలు గట్టు మీద నడిచి దిగండి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన విషయం. బీపీ మాత్ర. దాని అట్ట తీసి చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్లోరోథయాజైడ్ అని గానీ క్లోర్‌థాలిడోన్ అని గానీ ఉందా? మన దగ్గర అమ్మే చాలా మాత్రల పేరు చివర ‘హెచ్’ అని ఉంటే మొదటిది కలిసినట్టు. ఇవి ఒంట్లోంచి నీళ్లూ ఉప్పూ బయటికి పంపే మందులు. కొందరిలో పొటాషియం, సోడియం తగ్గి కండరాలు పట్టేస్తాయి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర కూడా వేసుకుంటుంటే అదీ చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. డాక్టరుగారికి అట్ట చూపించి, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్ష చేయించమని అడగండి. మీకు ఒక కాలికే, ఈతలోనే వస్తోంది కాబట్టి ఇది మందు వల్ల అయ్యే అవకాశం తక్కువనే నా ఆలోచన. కానీ 41 ఏళ్లకి ఒకసారి చూపించుకుంటే పోయేదేమీ లేదు.

నిద్రలో కూడా తరచూ పట్టేస్తున్నా, కాలు బలం తగ్గినట్టున్నా, అరికాలు మొద్దుబారుతున్నా, నాలుగడుగులు నడిస్తే నొప్పి వచ్చి ఆగితే తగ్గుతున్నా ఈత సంగతి తర్వాత, ముందు ఆస్పత్రి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఎర్రగా ఉంటే రుద్దొద్దు, ఆ రోజే వెళ్లండి. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఇక వంశధార. మీ ఆశ నాకు నచ్చింది. కానీ ఏరు కొలను కాదు, పట్టుకోడానికి గోడ లేదు, నీళ్లు నిలవవు. ఏరు పుట్టే లాంజిగఢ్ కొండల్లో వాన పడితే మీ గుణుపురంలో ఎండ కాస్తుండగానే నీళ్లు పెరగొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంశధార ఎలా పొంగిందో మీ పుట్టింటివాళ్లకి గుర్తుండే ఉంటుంది. ప్రతి వరదకీ ఇసుక దిబ్బలు చోటు మార్చుకుంటాయి, పోయిన ఏడాది మోకాలి లోతు ఉన్న చోట ఈ ఏడాది గొయ్యి ఉండొచ్చు. కార్తీకంలో పొద్దుటి నీళ్లు చల్లగా ఉంటాయి, చల్లదనానికి కండరాలు ఇంకా బిగుస్తాయి. అందుకని ఎండ ఎక్కాక, ఊళ్లో ఆ ఏటిని రోజూ చూసే మనిషి ఒకర్ని వెంటపెట్టుకుని, నడుము లోతు దాటకుండా, ఒడ్డు వెంట ఈదండి. అవతలి ఒడ్డుకి వద్దు, నా కథ చదివారుగా. మన పెద్దవాళ్లు ఎండు సొరకాయ బుర్రలో బెండ్లో నడుముకి కట్టుకుని నేర్చుకునేవారు. మీరు ఒక లైఫ్ జాకెట్ వేసుకుంటే ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ప్రవాహంలో కాలు పట్టేస్తే ఎదురీదొద్దు. వెల్లకిలా, కాళ్లు దిగువకి పెట్టి, చేతులతో ఏటవాలుగా ఒడ్డుకి జరగండి.

దగ్గరే కదా అని ఈ లోపు గోపాల్‌పూర్ సముద్రంలో ప్రయత్నించాలని మాత్రం అనుకోకండి. అక్కడ కెరటం కింద లాగుడు ఎక్కువ. కాళ్లు తడుపుకోవాలనిపిస్తే ఒడ్డున ఉండే నోలియాలని, అంటే అక్కడి బెస్తవాళ్లని, అడిగి వెళ్లండి. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మన తెలుగే, ఏ కెరటం ఎటు లాగుతుందో మీకు మన భాషలోనే చెబుతారు.

రెండు నెలలు ఇలా చేసి చూడండి. మూడోసారి కాదు, ఆరోసారి తిరిగినా కాలు పట్టకపోతే లోతు వైపు వెళ్లండి, కోచ్ గట్టు మీద ఉండగానే. అప్పటికీ పడుతుంటే బొటనవేలు ఏ వైపుకి ఎక్కుతోంది, గోడ తన్నినప్పుడా ఈత మధ్యలోనా, ఆ రోజు ఎన్ని సార్లు తిరిగారు అని ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

కార్తీకంలో ఏట్లోకి దిగేటప్పుడు మీ అమ్మగారి రేవు రాయి మీద అడుగు పెడతారు కదా. నాచు ఉంటుంది, జాగ్రత్త. అక్కడ మాత్రం వేళ్లు ముడుచుకోవచ్చు.